కొలబద్దగా మారిన సైకిలు

బ్రస్సెల్స్ నగరంలోని ఆండర్లెక్ట్ ప్రాంతంలో, మెట్రో 5వ లైనుమీద, ఎడ్డీ మెర్క్స్ పేరు పెట్టిన స్టేషను ఒకటి ఉంది. 2003లో తెరిచిన ఆ స్టేషనులో ఒక అద్దాల పెట్టెలో నారింజ రంగు సైకిలు కనిపిస్తుంది. దానికి బ్రేకులు లేవు, గేర్లు మార్చే మీటలు లేవు, మడ్‌గార్డులు లేవు, స్టాండు లేదు. మన ఊరి సైకిలు షాపులో కనబడితే మెకానిక్ ఇంకా సామాన్లు బిగించడం పూర్తిచేయలేదేమో అనుకుంటాము. 1972 అక్టోబరు 25న మెక్సికో నగరంలో, సరిగ్గా ఒక గంటలో 49.431 కిలోమీటర్లు వెళ్ళి బెల్జియం దేశస్థుడు మెర్క్స్ ప్రపంచ రికార్డు నెలకొల్పింది ఈ సైకిలుమీదే.

రికార్డులు కొట్టిన సైకిళ్ళు ఐరోపా ప్రదర్శనశాలల్లో చాలానే ఉన్నాయి. అయితే ఈ సైకిలుకు పట్టిన అదృష్టం, లేదా దురదృష్టం, వేరు. 28 ఏళ్ళ తరవాత, అంటే 2000లో, యూసీఐ అని పిలిచే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఒక నిర్ణయం తీసుకుంది. ఇకమీదట గంట రికార్డు కోసం బరిలోకి దిగే ప్రతి ఒక్కరూ మెర్క్స్ తొక్కినటువంటి సైకిలునే తొక్కాలని, ఈలోగా వేరే రకం సైకిళ్ళమీద వచ్చిన దూరాలన్నిటినీ ఆ జాబితానుంచి తీసి పక్కన పెడుతున్నామని ప్రకటించింది. ఒక పనిముట్టుతో రికార్డు సాధించడం మామూలే గాని, ఆ పనిముట్టే నిబంధనల పుస్తకంలో కొలబద్దగా స్థిరపడడం క్రీడల్లో అరుదు. అలా ఎందుకు జరిగింది, ఆ కొలబద్ద నిజంగా దేన్ని కొలిచింది అన్నవి చూసినంత తేలిక ప్రశ్నలు కావు.

ముందుగా ఆట సంగతి. గంట రికార్డులో ప్రత్యర్థులుండరు. వంపుల దగ్గర గోడలా పైకి లేచిన దీర్ఘవృత్తాకారపు బాటమీద, అంటే వెలోడ్రోమ్‌లో, సైక్లిస్టు ఒక్కడే గంటసేపు తిరుగుతాడు. అటువంటి బాట ఎలా ఉంటుందో చూడాలనుకునే హైదరాబాదు పాఠకులకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒకటి అందుబాటులోనే ఉంది. తుపాకీ పేలిన క్షణం నుంచి గంట ముగిసేలోగా ఎంత దూరం వెళ్ళాడన్నదే లెక్క. 1893లో పారిస్ నగరపు బఫెలో వెలోడ్రోమ్‌లో అన్రీ దెగ్రాంజ్ 35.325 కిలోమీటర్లు వెళ్ళాడు. పదేళ్ళ తరవాత టూర్ ద ఫ్రాన్స్ పందేన్ని మొదలుపెట్టిన వాడు ఈయనే. 1914 నాటికి స్విట్జర్లాండుకు చెందిన ఆస్కర్ ఎగ్ ఆ దూరాన్ని 44.247 కిలోమీటర్లకు చేర్చాడు. అటుపైన 19 ఏళ్ళపాటు దాన్ని ఎవరూ దాటలేదు.

దాటినవాడు పడుకుని తొక్కాడు. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే సైక్లిస్టు, షార్ల్ మోషే తయారుచేసిన వెలోకార్ అనే బండిమీద వెల్లకిలా వాలి, కాళ్ళు ముందుకు చాపి పెడళ్ళు తొక్కుతూ గంటలో 45.055 కిలోమీటర్లు వెళ్ళాడు. ఫోర్ అప్పటి మేటి సైక్లిస్టుల కోవలోకి వచ్చేవాడు కాదు. పడుకున్న మనిషికి గాలి తక్కువగా తగులుతుంది గనుక, రెండో శ్రేణి సైక్లిస్టు ఎగ్ లాంటివాడిని దాటేశాడు. దాంతో యూసీఐ ఇరుకున పడింది. ఇది రికార్డేనా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, అసలు సైకిలంటే ఏమిటో ముందు చెప్పవలసి వచ్చింది. 1934లో ఆ సంస్థ సీటుకూ పెడళ్ళ ఇరుసుకూ మధ్య ఉండవలసిన దూరాలకు హద్దులు గీసి, పడుకుని తొక్కే బండ్లను పోటీల నుంచి వెలివేసింది. 2000లో మెర్క్స్ సైకిలు మెడలో పడిన దండకు మొదటి పువ్వు ఇక్కడే గుచ్చారని నా అభిప్రాయం. పందెపు సైకిలుకు ఇంజనీరింగు పెట్టే హద్దులు వేరు, సమాఖ్య పెట్టే హద్దులు వేరు అన్న ఒరవడి ఆనాడే మొదలైంది.

తరవాతి మూడు దశాబ్దాల కథ వేగంగా చెప్పుకోవచ్చు. యుద్ధం నడుస్తుండగానే 1942లో ఇటలీ వీరుడు ఫౌస్తో కోప్పీ మిలాన్‌లోని విగొరెల్లి బాటమీద రికార్డు కొట్టాడు. 1956లో అదే బాటమీద ఫ్రాన్సు దేశపు జాక్ ఆంక్తీల్ 46 కిలోమీటర్ల గీత దాటాడు. 1968 ఒలింపిక్స్ కోసం మెక్సికో నగరంలో కట్టిన చెక్క బాటమీద, అదే ఏడాది డెన్మార్కుకు చెందిన ఒలే రిట్టర్ 48.653 కిలోమీటర్లు వెళ్ళాడు. ఈ సంఖ్యను గుర్తుంచుకోవాలి, మెర్క్స్ దాటవలసి వచ్చింది దీన్నే.

1972 నాటికి మెర్క్స్ వయసు 27. ఆ ఒక్క ఏడాదిలోనే అతడు మిలాన్-శాన్‌రెమో, లియేజ్-బస్తోన్-లియేజ్, ఇటలీ టూరు, ఫ్రాన్సు టూరు, లొంబార్దీ పందెం గెలిచాడు. ఇంతటి అలసట తరవాత, సంవత్సరం చివర్లో గంట రికార్డుకు పూనుకున్నాడు. మెక్సికో నగరం సముద్రమట్టానికి దాదాపు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి పలచని గాలికి అలవాటు పడడానికి ఇంట్లోనే, ఆక్సిజన్ తగ్గించిన గాలిని మాస్కు ద్వారా పీలుస్తూ, సైకిలును కదలకుండా ఉన్నచోటే తొక్కనిచ్చే రోలర్లమీద సాధన చేశాడు.

ఇక సైకిలు. దీన్ని తయారుచేసింది మిలాన్ దగ్గరి కంబియాగో ఊరికి చెందిన ఎర్నెస్టో కోల్నాగో. మెర్క్స్ అప్పుడు మోల్తేని జట్టులో ఉన్నాడు. ఆ జట్టు సైకిళ్ళ బాగోగులు చూసేది కోల్నాగోయే. ఫ్రేము కొలంబస్ సంస్థవారి సన్నని ఉక్కు గొట్టాలతో కట్టినది. గొట్టాల కొసలను లగ్గులనే లోహపు తొడుగుల్లో దూర్చి, లోహాన్ని కరిగించి పోసి అతికే పాత పద్ధతే. అప్పటి మంచి రేసు సైకిళ్ళు 9, 10 కిలోలు తూగుతున్న రోజుల్లో ఈ బండి మొత్తం బరువు 5.75 కిలోలు. పాలక్యాన్లు మోసే మన నల్ల సైకిలు బరువులో మూడో వంతు కూడా ఉండదు. ఈ బరువు సాధించడానికి కోల్నాగో పడిన పాట్లు దగ్గరగా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చైను లింకులకు ఒక్కొక్కదానికీ డ్రిల్లుతో చిల్లులు పొడిచారు. హ్యాండిల్‌కూ పొడిచారు. హ్యాండిల్‌ను ఫోర్కుకు పట్టి ఉంచే స్టెమ్మును టైటానియంతో చేయాలనుకున్నారు గాని, అప్పట్లో ఆ లోహాన్ని అతకడం అందరికీ చేతనైన పని కాదు. చివరికి అమెరికాలో డెట్రాయిట్ ప్రాంతంలో స్థిరపడిన పీనో మొర్రోనీ అనే ఇటాలియన్ పనివాడి చేత దాన్ని చేయించారు. టైర్లు రిమ్ముకు జిగురుతో అంటించే పట్టు టైర్లు, ఒక్కొక్కటి దాదాపు 100 గ్రాములు. అంటే ఓ సబ్బుబిళ్ళంత బరువు.

బ్రేకులు లేకపోవడానికి కారణం వేరు. బాట సైకిలుకు ఫ్రీవీల్ ఉండదు. వెనక చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి, కాళ్ళు ఆపి సాగిపోవడం కుదరదు. వేగం తగ్గించాలంటే కాళ్ళతోనే చక్రాన్ని అదిమి పట్టాలి. గేరూ ఒక్కటే. మెర్క్స్ ముందు 52 పళ్ళ చక్రం, వెనక 14 పళ్ళ చక్రం పెట్టుకున్నాడు. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి వెనక చక్రం 3.7 చుట్లు తిరిగి, బండి ఎనిమిది మీటర్లకు కాస్త తక్కువగా ముందుకు పోతుంది. దీన్నిబట్టి అతడి కాళ్ళు నిమిషానికి దాదాపు 105 చుట్ల చొప్పున గంటసేపు ఆగకుండా తిరిగాయని తేలుతుంది. బాట పొడవు 333.33 మీటర్లు గనుక 148 చుట్లు పూర్తిచేసి, ఇంకో చుట్టులో మూడో వంతుకు కాస్త తక్కువ వెళ్ళాడు. ఒక్కో చుట్టుకు 24 సెకన్ల చిల్లర. పోటీదారులు పక్కనున్నట్లుగా మొదట్లోనే విరుచుకుపడి, దారిలో 10, 20 కిలోమీటర్ల రికార్డులు కూడా బద్దలు కొట్టాడు. ఆ తొందరకు మూల్యం చివరి అరగంటలో చెల్లించుకున్నాడు. దిగిన తరవాత ఇటువంటి ప్రయత్నం మళ్ళీ చేయనని చెప్పాడు, చేయలేదు కూడా.

ఇక్కడ ఒక పిట్టకథ. ఆ రోజు సైకిలు గొట్టంమీద ఉన్న పేరు కోల్నాగోది కాదు. మెక్సికోకు చెందిన విండ్సర్ అనే సైకిళ్ళ సంస్థ ఆ ప్రయత్నానికి సొమ్ము పెట్టింది గనుక విండ్సర్ అక్షరాలు అతికించారు. పందెపు సైకిళ్ళ లోకంలో ఇది వింతేమీ కాదు. మేటి సైక్లిస్టులు తమకు నచ్చిన పనివాడిచేత ఫ్రేము కట్టించుకుని, జట్టుకు డబ్బిచ్చే సంస్థ రంగూ పేరూ దానికి వేయించుకోవడం దశాబ్దాలుగా నడిచిన ఆచారం. పాత రేసు సైకిలు కనబడగానే గొట్టంమీది పేరు చదివి తీర్పు చెప్పేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి.

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికి వద్దాము. ఆ 49.431 కిలోమీటర్లలో సైకిలు వాటా ఎంత?

చైనుకు పొడిచిన చిల్లుల వాటా చాలా తక్కువ. మామూలు బాట సైకిలుకన్నా ఇది 2 కిలోలు తేలిక అనుకుందాము. గంటకు 49 కిలోమీటర్లంటే సెకనుకు 13.7 మీటర్లు. ఆ 2 కిలోల బరువును ఆ వేగానికి తీసుకురావడానికి కావలసిన శక్తి దాదాపు 190 జౌళ్ళు. సుమారు 400 వాట్ల చొప్పున తొక్కే మనిషికి అది అరసెకను పని, అదీ మొదట్లో ఒక్కసారే. బాట చదునుగా ఉంటుంది గనుక ఎత్తు ఎక్కే బాధ లేదు. టైర్ల రాపిడి కాస్త తగ్గుతుంది, దానివల్ల గంట మొత్తంమీద మరో ముప్ఫై నలభై మీటర్లు కలిసి వస్తాయి. అన్నీ కూడినా 50 మీటర్లు దాటడం కష్టం. రిట్టర్ కన్నా మెర్క్స్ ఎక్కువ వెళ్ళింది 778 మీటర్లు. అంటే ఈ సైకిలును చరిత్రలో నిలబెట్టిన ప్రఖ్యాత గుణమైన తేలికదనం, కొండ దారుల్లో ప్రాణం నిలిపేదే గాని, గంట రికార్డులో దాదాపు ఎందుకూ కొరగానిది. చిల్లుల అంచులకు గాలి తగిలి ఆ కాస్త లాభమూ కొంత పోయి ఉండవచ్చు కూడా. కోల్నాగో పనితనాన్ని చులకన చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ తరం పనివాళ్ళందరి దృష్టిలో వేగానికి శత్రువు బరువే. ఆ శత్రువుతో అతడు చేసినంత గొప్పగా ఎవరూ పోరాడలేదు. అసలు శత్రువు మాత్రం పక్కన నిలబడి ఉంది.

ఆ శత్రువు గాలి. చదును బాటమీద ఈ వేగంలో సైక్లిస్టు వెచ్చించే శక్తిలో పదింట తొమ్మిది వంతులు గాలిని చీల్చుకుని పోవడానికే ఖర్చవుతుంది. పైగా గాలి నిరోధాన్ని ఎదిరించడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. వేగం 10 శాతం పెరగాలంటే శక్తి 33 శాతం పెరగాలి. బాగా సాధన చేసిన మనిషి కాళ్ళలో 33 శాతం అదనపు బలం ఎక్కడి నుంచీ రాదు. కనుక రికార్డు బద్దలు కొట్టడానికి మిగిలినవి రెండే దారులు. గాలి పలచగా ఉన్న చోటికి వెళ్ళడం ఒకటి, గాలికి తగిలే ఒంటి వైశాల్యాన్ని తగ్గించుకోవడం రెండోది.

మెర్క్స్ మొదటి దారి పట్టాడు. మెక్సికో నగరంలో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే ఐదో వంతుకు పైగా తక్కువ. అయితే ఆ ఎత్తులో ఆక్సిజన్ కూడా అంతే తక్కువ గనుక గుండెకూ ఊపిరితిత్తులకూ ఆ మేరకు దెబ్బ తగులుతుంది. గాలి ఇచ్చే లాభం ఒంటికి తగిలే నష్టం కన్నా ఎక్కువ గనుక, ఎత్తుకు బాగా అలవాటు పడినవాడికి చివరికి కొద్ది శాతం మిగులుతుంది. 49 కిలోమీటర్లలో కొద్ది శాతమంటే కిలోమీటరుకు పైమాటే. చిల్లుల చైను కన్నా విమానం టికెట్టే ఎక్కువ పని చేసిందన్నమాట. రెండో దారిని మాత్రం మెర్క్స్ పెద్దగా పట్టించుకోలేదు. మామూలు వంపు హ్యాండిల్ పట్టుకుని, మామూలు పుల్లల చక్రాలమీద, ఉన్ని జెర్సీల కాలపు భంగిమలోనే తొక్కాడు.

రెండో దారి తలుపు 1984 జనవరిలో తెరుచుకుంది. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో మోసెర్ అదే మెక్సికో నగరంలో, పుల్లలకు బదులు పళ్ళెంలా మూసేసిన చక్రాలున్న సైకిలుమీద, నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు రికార్డు కొట్టాడు. 50.808, ఆపైన 51.151 కిలోమీటర్లు. ఆనాటికి మోసెర్‌కు 32 ఏళ్ళు. 27 ఏళ్ళ మెర్క్స్ కన్నా అతడు మెరుగైన సైక్లిస్టని అతడి అభిమానులు కూడా గట్టిగా అనలేరు. 1933 నాటి ప్రశ్న మళ్ళీ ముందుకొచ్చింది, గెలిచింది మనిషా, బండా అని.

తొంభైల్లో ఆ ప్రశ్న ముదిరి పాకాన పడింది. స్కాట్లాండుకు చెందిన గ్రేమ్ ఓబ్రీ తన చేత్తో తానే ఒక సైకిలు కట్టుకున్నాడు. దానికి పైన అడ్డగొట్టం లేదు, మోకాళ్ళు దగ్గరగా కదలడానికి అడ్డు రాకూడదని తీసేశాడు. పెడళ్ళ ఇరుసును వీలైనంత సన్నగా చేయడానికి బట్టలు ఉతికే యంత్రంలోని బేరింగులు తెచ్చి వేశాడు. చేతులను రొమ్ము కిందికి మడిచి, కొండమీంచి జారే స్కీయింగ్ ఆటగాడిలా ముందుకు వాలి తొక్కేవాడు. 1993 జులైలో నార్వేలోని హమార్‌లో, తన సైకిలుకు నకలుగా చేయించిన కొత్త బండిమీద మొదటి రోజు ప్రయత్నించి విఫలమయ్యాడు. మర్నాడు పొద్దున్నే, ముద్దుగా ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అని పిలుచుకునే తన పాత బండి తీసి 51.596 కిలోమీటర్లు వెళ్ళాడు. ఆరు రోజులకే ఇంగ్లండుకు చెందిన క్రిస్ బోర్డ్‌మన్ ఫ్రాన్సులోని బోర్దోలో 52.270 కిలోమీటర్లతో దాన్ని దాటాడు. 1994లో ఓబ్రీ, స్పెయిన్‌కు చెందిన మిగెల్ ఇందురాయిన్, స్విట్జర్లాండుకు చెందిన టోనీ రోమింగర్ ఒకరి వెంట ఒకరు ఆ దూరాన్ని 55 కిలోమీటర్ల పైకి లాగారు. ఓబ్రీ భంగిమను యూసీఐ నిషేధించింది. 1994 ప్రపంచ పోటీల్లో అతడిని అనర్హుడిగా ప్రకటించింది. అతడు చేతులు పూర్తిగా ముందుకు చాపే ఇంకో భంగిమ కనిపెట్టాడు. ఆకాశంలో ఎగిరే బొమ్మల కథానాయకుడిలా కనిపిస్తుందని దానికి సూపర్‌మ్యాన్ భంగిమ అని పేరొచ్చింది. 1996లో బోర్డ్‌మన్ మాంచెస్టర్‌లో ఆ భంగిమలోనే 56.375 కిలోమీటర్లు వెళ్ళాడు. యూసీఐ ఆ భంగిమను కూడా నిషేధించింది.

ఈ నిషేధాల వెనక ఉన్న బాధ అర్థం చేసుకోదగిందే. భంగిమను నిషేధించిన తరవాత ఆ భంగిమలో కొట్టిన 56.375ను ఇకమీద ఎవరు దాటగలరు? 2000లో యూసీఐ దీనికి కనిపెట్టిన మందు కాలాన్ని వెనక్కి తిప్పడం. గంట రికార్డును రెండుగా చీల్చింది. మోసెర్ మొదలు బోర్డ్‌మన్ దాకా వచ్చిన దూరాలను అత్యుత్తమ మానవ ప్రయత్నం అనే వేరే పద్దులో రాసింది. అసలు రికార్డు పద్దులో చివరి పేరు మళ్ళీ మెర్క్స్‌దే అయింది. కొత్తగా ప్రయత్నించేవారు గుండ్రటి గొట్టాల ఫ్రేము, పుల్లల చక్రాలు, వంపు హ్యాండిల్ ఉన్న సైకిలు తొక్కాలి. కోడిపుంజు తోకలాంటి పొడవాటి హెల్మెట్లు పనికిరావు.

నాకు ఎప్పుడూ ఆసక్తిగా అనిపించే విషయం ఇక్కడే ఉంది. మెర్క్స్ సైకిలును కొలబద్ద చేశామన్నారు గాని, చేసింది దాని రూపురేఖలను మాత్రమే. 1972లో ఆ బండికి ప్రాణమైన తేలికదనాన్ని తీసుకోలేదు. అదే 2000 సంవత్సరం నుంచి పందెపు సైకిలు ఏదైనా 6.8 కిలోల కన్నా తక్కువ తూగరాదన్న నిబంధన యూసీఐ పుస్తకంలో ఉంది. ఆ లెక్కన 5.75 కిలోల అసలు మెర్క్స్ సైకిలును మెర్క్స్ సైకిలు పోటీకి అనుమతించరు. తేలికదనం ఆ దూరానికి పెద్దగా తోడ్పడలేదన్న లెక్క పైన చూశాము గనుక, ఈ వైరుధ్యంవల్ల రికార్డుకు నష్టమేమీ లేదు. అయితే వాదానికి నష్టం ఉంది. యూసీఐ వాదమేమంటే, మెర్క్స్ తొక్కింది మామూలు సైకిలు, తరవాతివాళ్ళు తొక్కినవి యంత్రవిద్యలు అని. 1972లో టైటానియం స్టెమ్ము, చిల్లుల చైను, ఒక్క ప్రయత్నం కోసం ప్రత్యేకంగా చేసిన గొట్టాలు కలిగిన ఆ బండి ప్రపంచంలోకెల్లా అసాధారణమైన యంత్రం. అది మనకు మామూలుగా కనిపించడానికి కారణం, దానిలోని సాంకేతికత కంటికి కనబడని చోట ఉండడమే. దూరం నుంచి చూస్తే అది 1890ల నుంచి వస్తున్న వజ్రాకారపు ఫ్రేమే, మన తాతలు తొక్కిన సైకిలు ఆకారమే. ఓబ్రీ సైకిలు చవకబారు సామాన్లతో ఇంట్లో కట్టినదైనా కంటికి విపరీతంగా కనిపించింది. సమాఖ్య తీర్పు చెప్పింది సాంకేతికతను చూసి కాదు, ఆకారాన్ని చూసి.

ఆ కొలబద్ద పని చేసిన తీరు మాత్రం ఒక విలువైన ప్రయోగానికి దారితీసింది. 2000 అక్టోబరు 27న, పదవీ విరమణకు ముందు, బోర్డ్‌మన్ మాంచెస్టర్ బాటమీదే పాతకాలపు తరహా సైకిలుమీద గంటసేపు తొక్కి 49.441 కిలోమీటర్లు వెళ్ళాడు. మెర్క్స్ కన్నా దాదాపు 10 మీటర్లు ఎక్కువ. నాలుగేళ్ళ కిందట ఇదే మనిషి, ఇదే బాటమీద, 56.375 వెళ్ళాడు. తేడా 6.934 కిలోమీటర్లు. మనిషీ బాటా ఒకటే గనుక, ఈ తేడాలో వయసుకు కొంత వదిలేసినా, మిగతాదంతా భంగిమా బండీ పుణ్యమే. శక్తి వేగపు ఘనంతో పెరుగుతుందన్న సూత్రం ప్రకారం చూస్తే, కాళ్ళ బలం ఒకటే అనుకుంటే, సూపర్‌మ్యాన్ భంగిమలోకన్నా పాత భంగిమలో గాలి నిరోధం దాదాపు 48 శాతం ఎక్కువని లెక్క తేలుతుంది. సైకిలు సాంకేతికత ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ నేను చూడలేదు.

ఈ గెలుపును మెర్క్స్ వైపు నుంచి కూడా చూడాలి. అతడు పైకప్పు లేని బాటమీద, పలచని గాలిలో తొక్కాడు. బోర్డ్‌మన్ సముద్రమట్టానికి దగ్గరగా, గాలి వీచని భవనం లోపల, 28 ఏళ్ళ క్రీడాశాస్త్రం తోడుగా తొక్కాడు. సైకిలును గడ్డకట్టించినా ఎత్తును, పైకప్పును, బాట నునుపును, సాధన పద్ధతులను గడ్డకట్టించడం ఎవరి తరమూ కాదు. కనుక ఆ 10 మీటర్ల తేడా ఇద్దరిలో ఎవరు గొప్పో చెప్పలేదు.

2005లో మాస్కోలో చెక్ దేశానికి చెందిన ఒండ్రేయ్ సోసెంకా దీన్ని 49.700కు పెంచాడు. అతడి బండి దాదాపు 9.8 కిలోలు, అందులో వెనక చక్రమే 3 కిలోల పైమాట. బరువైన చక్రం ఊపును నిలుపుతుందని అతడి నమ్మకం. మెర్క్స్ సైకిలును నమూనాగా పెట్టుకున్న రికార్డు, చివరికి దానికన్నా నాలుగు కిలోలు బరువైన సైకిలుమీద బద్దలైంది. మహిళల్లో నెదర్లాండ్స్‌కు చెందిన లియోంతీన్ ఫాన్ మూర్సెల్ 2003లో మెక్సికో నగరంలో 46.065 కిలోమీటర్లు వెళ్ళి ఈ పాత తరహా పద్దులో నిలిచింది.

ఆ తరవాత తొమ్మిదేళ్ళు పురుషుల పద్దులో కదలిక లేదు. మేటి సైక్లిస్టులు ఏడాది పొడవునా తొక్కే సైకిలు ఒకటి, ఈ గంట కోసం తొక్కవలసింది ఇంకొకటి. సైకిళ్ళ సంస్థలు అమ్ముకోవడానికి పనికిరాని బండిమీద డబ్బు పెట్టవు. జట్ల నిర్వాహకులు ఆ పనికి నెలల సాధన వెచ్చించనివ్వరు. 2014 మేలో యూసీఐ తన కొలబద్దను తానే పక్కన పెట్టి, బాటమీది ఇతర దూర పందేలకు అనుమతించే ఏ సైకిలుమీదైనా ప్రయత్నించవచ్చని ప్రకటించింది. వెంటనే గేట్లు తెరుచుకున్నాయి. అదే ఏడాది సెప్టెంబరులో జర్మనీకి చెందిన యెన్స్ ఫోయిక్ట్, తన 43వ పుట్టినరోజు మర్నాడు, 51.110 కిలోమీటర్లతో మొదలుపెట్టగా, 2015లో బ్రాడ్లీ విగ్గిన్స్ లండన్‌లో 54.526కు చేర్చాడు. 2022 అక్టోబరులో ఇటలీకి చెందిన ఫిలిప్పో గన్నా, లోహపు పొడితో త్రీడీ ముద్రణలో అచ్చొత్తిన సైకిలుమీద 56.792 కిలోమీటర్లు వెళ్ళాడు. ఎవరూ అందుకోలేరనుకున్న బోర్డ్‌మన్ 56.375ను కూడా, సూపర్‌మ్యాన్ భంగిమ అక్కరలేకుండానే, అది దాటిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే, 2000లో కాలాన్ని వెనక్కి తిప్పకుండా ఓపిక పట్టి ఉంటే చాలునేమో అనిపిస్తుంది.

కోల్నాగో మాత్రం ఆ 1972 గంటను మరోలా నిలబెట్టుకున్నాడు. డెబ్భైల నడుమ అతడి కార్ఖానా నుంచి మెక్సికో పేరుతో ఒక మాదిరి సైకిలు వచ్చింది. గేర్లూ బ్రేకులూ ఉన్న, రోడ్డుమీద తొక్కే సైకిలది. పాత సైకిళ్ళు సేకరించేవాళ్ళు ఇప్పటికీ దానికోసం వెతుకుతారు. మెక్సికో బాటమీద ఎన్నడూ తిరగని ఆ సైకిళ్ళ గొట్టాలమీద మెక్సికో అనీ, కోల్నాగో అనీ అందమైన అక్షరాలు ఉంటాయి. నిజంగా అక్కడ తిరిగిన ఒక్క సైకిలుమీద ఆ రోజు కనిపించింది విండ్సర్ అన్న పేరు.